వీఆర్ శిక్షణలో "నొక్కు", "నొక్కకు" ఒకేలా వినిపిస్తున్నాయి. ఎక్కడ సరిచేయాలి?

కోడ్_కొలిమి

అందరికీ నమస్కారం. ఫ్యాక్టరీ భద్రత శిక్షణ కోసం యూనిటీలో (గేమ్‌లు, వీఆర్ దృశ్యాలు కట్టే సాఫ్ట్‌వేర్) కడుతున్న వర్చువల్ రియాలిటీ దృశ్యం ఇది. షెడ్డు 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు. ప్రెస్సు మిషన్ దగ్గర శిక్షకుడి అవతార్, వినేవాళ్లకి 3 మీటర్ల దూరంలో. ఆయన వెనక ఇద్దరు పనివాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. మిషన్ 6 మీటర్ల దూరంలో తిరుగుతూ ఉంటుంది. మాటలన్నీ తెలుగే.

సమస్య ఒక్క ముక్కలో: శిక్షకుడు "ఎర్ర బటన్ నొక్కకు" అంటే చాలామంది "నొక్కు" అని విని నొక్కేస్తున్నారు. వాల్యూమ్ పెంచినా లాభం లేదు. సెట్టింగులు: స్పేషియల్ బ్లెండ్ 1 (శబ్దం పూర్తిగా 3డీ), లాగరిథ్మిక్ రోలాఫ్ (దూరంతో శబ్దం తగ్గే తీరు), రివర్బ్ (గదిలో మోగే ప్రతిధ్వని) 2 సెకన్లు, వెనకటి సందడి అంతా ఫస్ట్ ఆర్డర్ ఆంబిసానిక్స్ (చుట్టూ ఉన్న శబ్దాన్ని కొన్ని చానళ్లలో కలిపి ఉంచే పద్ధతి). కొందరు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వింటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ధ్వని_దారి

వాల్యూమ్ జోలికి పోకండి. మాటతోపాటు మిషన్ హోరూ అంతే పెరుగుతుంది, రెండింటి మధ్య తేడా మారదు. అర్థం కావడానికి ఆ తేడాయే ముఖ్యం.

ఆ తేడా మీ దృశ్యంలో ఎంతో ముందు లెక్కకట్టండి. లాగరిథ్మిక్ రోలాఫ్‌లో శబ్దం మినిమమ్ డిస్టెన్స్‌ను దూరంతో భాగించినంతకి పడిపోతుంది. మినిమమ్ డిస్టెన్స్ అంటే శబ్దం తగ్గడం మొదలయ్యే దూరం. శిక్షకుడి గొంతుకి మినిమమ్ డిస్టెన్స్ డిఫాల్టు 1 మీటరే ఉంచి ఉంటే 3 మీటర్ల దగ్గర మాట 9.5 డెసిబెల్స్ తగ్గింది. మిషన్ పెద్దది కదా అని దానికి 5 మీటర్లు పెట్టి ఉంటే 6 మీటర్ల దగ్గర అది 1.6 మాత్రమే తగ్గింది. అంటే ఫైళ్లు రెండూ సమాన స్థాయిలో రికార్డయినా చెవి దగ్గరికి వచ్చేసరికి మిషన్‌దే 8 డెసిబెల్స్ పైచేయి. చాలా దృశ్యాల్లో దోషం ఇక్కడే దొరుకుతుంది, కానీ అందరూ ముందు రివర్బ్ ప్లగిన్‌ని అనుమానిస్తారు.

వెతికే వరస ఇలా పెట్టుకోండి. ముందు గొంతు ఫైలు ఒక్కటే, ఏ ఎఫెక్టూ లేకుండా, వైరున్న హెడ్‌ఫోన్లో వినండి. అక్కడే చివరి "కు" వినపడకపోతే రికార్డింగు మళ్లీ చేయాల్సిందే. వినిపిస్తే దూరం తగ్గుదల, తర్వాత రివర్బ్, తర్వాత మిషన్, చివరికి వెనక మాటలు, ఒక్కొక్కటే కలుపుతూ పోండి. ఏ మెట్టు దగ్గర "కు" మాయమైందో దోషం అక్కడుంది.

ఇంకో మాట. తెలుగులో మాటకి తల కంటే తోక ముఖ్యం. విభక్తి, వ్యతిరేకం, ప్రశ్న అన్నీ చివరే తగులుకుంటాయి: నొక్కు, నొక్కకు, నొక్కా? మనిషి గొంతేమో వాక్యం చివరికి వచ్చేసరికి సహజంగానే సన్నగిల్లుతుంది. అర్థం ఎక్కువగా ఉన్న చోటే బలం తక్కువ. డబ్బింగ్ చెప్పేవాళ్లకి ఇది ముందే చెప్పాలి. రికార్డయ్యాక కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించే సాధనం) 3:1 దగ్గర పెట్టి, ఆఖరి అక్షరాలను చేత్తో 3, 4 డెసిబెల్స్ ఎత్తితే చాలావరకు నిలబడతాయి.

గోదారి_గొంతు

సెట్టింగుల కంటే ముందు స్క్రిప్టు మార్చండి. భద్రత ఆదేశానికి "నొక్కకు" సరైన మాట కాదు. మర్యాదగా "నొక్కకండి" అందామంటే ఇంకా ఇబ్బంది: "నొక్కండి", "నొక్కకండి" మధ్య తేడా నడిమధ్యన ఉన్న ఒక్క పొట్టి "క". రొదలో అది ముందుగా పోయేదే.

"నొక్కవద్దు" పెట్టండి. వాడుకలో "నొక్కొద్దు". ద్విత్వం ఉన్న "ద్దు" వినిపిస్తే చాలు, ముందున్నది సగం మింగేసినా అర్థం నిలుస్తుంది. దాని ముందు "ఆగండి!" అని ఒక మాట వేసి అర సెకను ఖాళీ ఇవ్వండి. వినేవాడి ధ్యాస మిషన్ మీదనుంచి గొంతు మీదకి మళ్లడానికి ఆ వ్యవధి కావాలి. "ఆగండి! ఎర్ర బటన్ నొక్కొద్దు" అనేది "ఎర్ర బటన్ నొక్కకండి" కంటే ఎన్నో రెట్లు గట్టి వాక్యం.

వినేవాళ్లది ఏ ప్రాంతమో కూడా చూసుకోండి. తెలంగాణలో చాలాచోట్ల బటన్‌ను "ఒత్తు" అంటారు. అలవాటైన మాట రొదలో కూడా త్వరగా పట్టుబడుతుంది, అలవాటు లేని మాటకి అదనంగా డెసిబెల్స్ ఇవ్వాల్సి వస్తుంది.

కోడ్_కొలిమి

ధన్యవాదాలండీ. స్క్రిప్టు మారుస్తాను. మిషన్ మినిమమ్ డిస్టెన్స్ 5 అనే ఉంది. రివర్బ్ సంగతి చెప్పండి. పూర్తిగా తీసేస్తే గొంతు తలలోపల మాట్లాడుతున్నట్టుంది, షెడ్డులో ఉన్నట్టు లేదు. ఎంత ఉంచాలి?

ధ్వని_దారి

మీ షెడ్డు 1800 ఘనపు మీటర్లు. రివర్బ్ కాలం 2 సెకన్లు. గొంతు నుంచి నేరుగా వచ్చే శబ్దం, గోడలకు కొట్టుకుని వచ్చే శబ్దం సమానమయ్యే దూరాన్ని క్రిటికల్ డిస్టెన్స్ అంటారు. ఘనపరిమాణాన్ని రివర్బ్ కాలంతో భాగించి, వర్గమూలం తీసి, 0.057తో గుణిస్తే అది వస్తుంది. మీకు 1.7 మీటర్లు. మనిషి గొంతు ముందువైపుకే ఎక్కువగా పోతుంది కనుక ఇంకో 1.4తో గుణించండి, 2.4 మీటర్లు. మీ శిక్షకుడు 3 మీటర్ల దగ్గర నిలబడ్డాడు. అంటే ఆయన మాట కంటే గోడల మాట ఎక్కువగా వినిపిస్తోంది.

ఇప్పుడు "నొక్కకు"ని దగ్గరగా చూడండి. "అ"కి, "ఉ"కి మధ్య ఉన్న ఒంటి "క"లో నాలుక వెనకభాగం అంగిలికి తగిలి గాలి ఆగిపోయే చిన్న నిశ్శబ్దం ఉంటుంది. దాన్ని 60 మిల్లీ సెకన్లు అనుకుందాం. 2 సెకన్ల రివర్బ్ అంటే శబ్దం సెకనుకి 30 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. 60 మిల్లీ సెకన్లలో తగ్గేది 2 డెసిబెల్స్ కూడా ఉండదు. ముందరి "అ" ఇంకా మోగుతూనే ఆ నిశ్శబ్దాన్ని పూడ్చేస్తుంది. "క" లేకపోతే మిగిలేది "నొక్కఉ". చెవి దాన్ని "నొక్కు" కింద సర్దేసుకుంటుంది, ఎందుకంటే అది తెలిసిన మాట.

రివర్బ్ 1.2 సెకన్లు చేస్తే అదే వ్యవధిలో 3 డెసిబెల్స్ తగ్గుతుంది, 0.6 చేస్తే 6. "గుడి", "గుడ్డి" లాంటి ద్విత్వం తేడాలు, "నెల", "నేల" లాంటి హ్రస్వ దీర్ఘాలు కూడా కాలవ్యవధి మీదే ఆధారపడతాయి కాబట్టి తెలుగుకి పొడుగు రివర్బ్ చేసే చేటు ఎక్కువ.

అయినా పూర్తిగా తీసేయనక్కర్లేదు. మొదటి 50 మిల్లీ సెకన్లలోపు వచ్చే ప్రతిఫలనాలు మాటకి బలాన్నిస్తాయి, చెవి వాటిని అసలు మాటతోనే కలిపేసుకుంటుంది. గొంతు తల బయట ఉన్నట్టు అనిపించడానికీ అవే తోడ్పడతాయి. చెడ్డది ఆ తర్వాతి తోక, అంటే లేట్ రివర్బ్. కాబట్టి శిక్షకుడి గొంతుకి ఎర్లీ రిఫ్లెక్షన్స్ (ఆ మొదటి ప్రతిఫలనాలు) అలాగే ఉంచి, లేట్ రివర్బ్‌కి వెళ్లే సెండ్‌ని 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి. మిషన్ చప్పుడుకి మాత్రం పూర్తి రివర్బ్ వెళ్లనివ్వండి. షెడ్డు ఎంత పెద్దదో చెవికి మిషనే చెబుతుంది, ఆ పని గొంతుతో చేయించవద్దు. ఇంకా తేలికైన దారి శిక్షకుణ్ని 1.5 మీటర్ల దగ్గరికి నడిపించడం. దూరం సగమైతే నేరు శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, క్రిటికల్ డిస్టెన్స్ లోపలికి కూడా వచ్చేస్తాడు.

మేడమీద_మైకు

పైన చెప్పినవన్నీ సరైనవే, కానీ నా ఉద్దేశంలో అసలు గండం శిక్షకుడి వెనక మాట్లాడుకునే ఆ ఇద్దరు.

మిషన్ హోరు మాటని కప్పేస్తుంది, అంతే. వెనకవాళ్ల తెలుగు మాటలు అలా కాదు, ధ్యాసనే లాగేస్తాయి. రెండూ మగగొంతులు, రెండూ తెలుగు, రెండూ ఒకే దిక్కునుంచి వస్తే ఏ అక్షరం ఎవరిదో విడదీయడం మెదడుకి కష్టం. కోలిన్ చెర్రీ 1953లో కాక్‌టెయిల్ పార్టీ సమస్య అని చర్చకి పెట్టింది ఇదే.

దిక్కు మార్చితే పెద్ద లాభం. ప్రతిఫలనాలు లేని గదిలో మాట ఎదురుగా ఉంచి రొదను పక్కకి, 90 డిగ్రీలకి, జరిపితే 8 నుంచి 10 డెసిబెల్స్ వెసులుబాటు వస్తుంది. రివర్బ్ ఉన్నచోట అంత రాదు, కానీ వచ్చేది కూడా తక్కువేమీ కాదు. ఆ ఇద్దర్నీ ఎడమకో కుడికో కనీసం 60 డిగ్రీలు జరపండి.

అయితే వాళ్ల మాటలు ఫస్ట్ ఆర్డర్ ఆంబిసానిక్స్‌లో కలిసిపోయి ఉంటే జరిపినా ఫలితం సగమే. అందులో ఉండేవి 4 చానళ్లు, దిక్కు మసకగా పరుచుకుంటుంది. థర్డ్ ఆర్డర్‌కి 16 చానళ్లు కావాలి, స్టాండలోన్ హెడ్‌సెట్‌కి అది బరువు. అందుకని దూరపు సందడిని మాత్రం ఆంబిసానిక్స్‌లో ఉంచి, అర్థమయ్యే మాటలున్న ప్రతి గొంతునీ విడిగా ఒక ఆడియో సోర్స్ చేసి, తల, చెవుల ఆకారం శబ్దాన్ని మార్చే తీరుని అనుకరించే హెచ్‌ఆర్‌టీఎఫ్ స్పేషియలైజర్‌కి ఇవ్వండి. అందరి చెవులూ ఒకేలా ఉండవు కనుక సాధారణ హెచ్‌ఆర్‌టీఎఫ్‌తో ముందు, వెనక తారుమారవుతుంటాయి. తల తిప్పినప్పుడు శబ్దం దృశ్యంలో తన చోటే నిలబడితే ఆ తికమక చాలా తగ్గుతుంది. కాబట్టి ఆడియో లిజనర్ (దృశ్యంలో వినేవాడి చెవి) కెమెరా మీదే ఉందో లేదో చూసుకోండి.

ఇక బ్లూటూత్. దీన్ని చాలామంది పట్టించుకోరు. యాప్ మైకు తెరవగానే చాలా ఇయర్‌ఫోన్లు సంగీతం వినే పద్ధతి వదిలేసి ఫోన్‌కాల్ పద్ధతిలోకి పోతాయి. అప్పుడు శబ్దం మోనో. శాంప్లింగ్ 8 లేదా 16 కిలోహెర్ట్జ్. రెండు చెవులకీ ఒకే శబ్దం వెళితే దిక్కు అన్నదే ఉండదు. పక్కనుంచి వచ్చే శబ్దం రెండు చెవులకీ చేరడంలో ఉండే గరిష్ఠ తేడా 0.65 మిల్లీ సెకన్లు, అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 31 శాంపిళ్లు. మీరు కష్టపడి కట్టిన స్పేషియల్ ఆడియో అంతా ఆ 31 శాంపిళ్ల మీద, చెవి మలిచే పౌనఃపున్యాల మీద నిలబడి ఉంది. మోనోలో రెండూ పోతాయి. వైరున్న హెడ్‌ఫోన్ తప్పనిసరి చేయండి. కుదరకపోతే మైకుని హెడ్‌సెట్‌దే వాడేలా యాప్‌లో కట్టేయండి.

పెదవి_లెక్క

శిక్షకుడి మొహం కనపడుతోందా? నోరు కదులుతోందా? చెవికి అందనిది కంటికి అందుతుంది. సంబీ, పొలాక్ 1954లోనే చూపించారు: రొద ఎక్కువగా ఉన్నప్పుడు మాట్లాడేవారి మొహం కనిపిస్తే దాదాపు 15 డెసిబెల్స్ రొద తగ్గించినంత ప్రయోజనం. అదే నోరు తప్పుగా కదిలితే కీడు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చేసిన ప్రయోగంలో చెవికి "బ", కంటికి "గ" ఇస్తే చాలామందికి "ద" వినిపించింది. అవతార్‌లో "బ"కి పెదవులు పూర్తిగా మూసుకోకపోతే ఇదే జరుగుతుంది.

గొంతునుంచి లిప్‌సింక్ తీసే పాతకాలపు ప్లగిన్లలో 15 నోటి ఆకారాలుంటాయి. అవి ఇంగ్లీషుకి సరిపెట్టినవి. త, ట, ద, డ అన్నీ ఒకే ఆకారంలోకి పోతాయి. "మూత", "మూట" మధ్య తేడా నోరు చూసి ఎవరూ చెప్పలేరు, నిజం మనిషి నోటి దగ్గర కూడా కష్టమే, కాబట్టి ఆ బాధ్యత పూర్తిగా శబ్దానిదే. పెదవులతో పలికే ప, బ, మలకి మాత్రం మూత పక్కాగా పడాలి. "అప్పు"లో పెదవులు మూసి ఉండే సమయం "ఆపు"లో కంటే ఎక్కువ, అది కంటికి తెలుస్తుంది.

మీ మాటకే వద్దాం. "నొక్కు"లో పెదవులు "ఒ"కి గుండ్రం, మళ్లీ "ఉ"కి గుండ్రం. "నొక్కకు"లో ఆ రెండింటి మధ్య "అ"కి దవడ ఒకసారి కిందికి దిగుతుంది. చూసేవాళ్లకి దొరికే ఆధారం ఆ ఒక్క కదలికే. లిప్‌సింక్ స్మూతింగ్ ఎక్కువైతే ఆ చిన్న "అ" మధ్యలో కరిగిపోయి రెండు మాటలకీ నోరు ఒకేలా కదులుతుంది. ముందే రికార్డు చేసిన వాక్యాలకి నోటి కదలికని అప్పటికప్పుడు తీయకండి, ఎడిటర్లోనే తయారు చేసి, ముఖ్యమైన ఆదేశాలకి కీఫ్రేములు చేత్తో సరిచేయండి. పది వాక్యాలకి ఒక పూట పని.

శబ్దం, నోరు కలవడం గురించి: ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) సిఫారసు బీటీ.1359 ప్రకారం శబ్దం 45 మిల్లీ సెకన్లు ముందొచ్చినా, 125 వెనకపడినా తేడా పసిగట్టగలరు. యూనిటీలో డీఎస్‌పీ బఫర్ (ఒకసారికి లెక్కకట్టే శబ్దపు ముక్క) 1024 శాంపిళ్లుంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో బఫరుకి 21 మిల్లీ సెకన్లు. దాన్ని 512 లేదా 256కి తగ్గించొచ్చు. బ్లూటూత్ ఒక్కటే తేలిగ్గా 100 నుంచి 250 మిల్లీ సెకన్లు వెనక్కి లాగుతుంది, అంటే మిగతావన్నీ బాగున్నా హద్దు దాటేస్తారు.

గోదారి_గొంతు

శిక్షకుడు రికార్డింగ్ కాకుండా ప్రత్యక్షంగా మాట్లాడే సెషన్లు కూడా ఉంటే నాయిస్ గేట్ (శబ్దం ఒక హద్దుకి తగ్గగానే మైకుని మూసేసే ఏర్పాటు) చూడండి. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఆ చివరి పొట్టి అచ్చుల్లో బలం తక్కువ. గేట్ త్వరగా మూసుకుంటే ముందు పోయేవి అవే. రిలీజ్ (గేట్ మూసుకునే వ్యవధి) 300 మిల్లీ సెకన్లు పెట్టండి. ఓపస్ కోడెక్‌లో (గొంతుని కుదించి నెట్‌లో పంపే పద్ధతి) ఒక్కో ఫ్రేము సాధారణంగా 20 మిల్లీ సెకన్లు. వరసగా మూడు పోతే 60, అంటే పైన లెక్కేసిన "క" మొత్తం. ఆ ఖాళీని డీకోడర్ ముందున్న అచ్చుని సాగదీసి పూడుస్తుంది. అప్పుడూ వినిపించేది "నొక్కు"నే. ఎఫ్‌ఈసీ (పోయిన ఫ్రేముని తిరిగి కట్టే ఏర్పాటు) ఆన్ చేయండి, జిట్టర్ బఫర్ (ఆలస్యంగా వచ్చే ఫ్రేముల కోసం ఆగే వ్యవధి) 60 మిల్లీ సెకన్ల కంటే తగ్గించకండి.

అయితే ధ్వని_దారి గారితో ఒక విషయంలో విభేదిస్తాను. శిక్షణలో గొంతుని ఇంత శుభ్రం చేస్తే అసలు షెడ్డులోకి వెళ్లాక ఏం చేస్తారు? అక్కడ లేట్ రివర్బ్ సెండ్ ఎవరూ తగ్గించరు.

ధ్వని_దారి

నిజమే, కానీ అసలు షెడ్డులో మిషన్ 90 డెసిబెల్స్ దగ్గర ఉంటే 3 మీటర్ల దూరంనుంచి మామూలు గొంతు ఎవరికీ వినపడదు. మామూలు మాట 1 మీటరు దగ్గర 60 చుట్టూ ఉంటుంది. అక్కడ చేతి సైగ చేస్తారు, లేదా దగ్గరికొచ్చి చెవి దగ్గర అరుస్తారు. దృశ్యంలో చూపించాల్సిందీ అదే. దానికోసం మాటని చెడగొట్టడం దేనికి? పాఠం నేర్పే భాగంలో మాట శుభ్రంగా ఉండాలి. నేర్చుకున్నది పరీక్షించే భాగంలో నిజం రొద పెట్టి, సైగ గుర్తుపట్టారా లేదా చూడండి. హెడ్‌ఫోన్లలో మాత్రం నిజం స్థాయి వినిపించవద్దు, మాటకి, రొదకి మధ్య నిష్పత్తి ఉంచితే చాలు.

గోదారి_గొంతు

ఆ విభజన ఒప్పుకుంటాను. సైగ కూడా తప్పకుండా పెట్టాలి.

కోడ్_కొలిమి

ఇవన్నీ మార్చాక మెరుగైందని ఎలా కొలవాలి? "బాగా వినిపించిందా" అని అడిగితే అందరూ అవునంటారు.

వినికిడి_గది

అలా అడగకూడదు. విన్నది తిరిగి చెప్పించాలి, లేదా చేయించాలి.

రెండు రకాల కొలత కావాలి. మొదటిది మీ ఆదేశాల మీద. ఒక్కో ఆదేశానికి చేయమనేది, వద్దనేది రెండూ తీసుకుని, కలగాపులగంగా, ఒక్కో రకం కనీసం 20 సార్లు వినిపించండి. తప్పుల్ని రెండు వైపులా విడివిడిగా లెక్కపెట్టండి. అనుమానం వచ్చినప్పుడు జనం ఎక్కువగా వినే "నొక్కు" వైపే మొగ్గుతారు, కాబట్టి మొత్తం శాతం బాగున్నా "వద్దు" వైపు ఘోరంగా ఉండొచ్చు. ప్రమాదం ఆ వైపునే.

రెండోది దృశ్యం మొత్తం మీద. మాటల్లో సగం సరిగ్గా చెప్పగలిగే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (మాటకి, రొదకి మధ్య తేడా) కనుక్కోవడం. స్వీడిష్‌లో హాగర్‌మన్ 1982లో మొదలుపెట్టిన మ్యాట్రిక్స్ పద్ధతి దీనికి బాగుంటుంది: అయిదు స్థానాలు (పేరు, సంఖ్య, విశేషణం, వస్తువు, క్రియ), ఒక్కోదానికి పది మాటలు, లక్ష వాక్యాలు. ఊహించి చెప్పడానికి వీలుండదు. కానీ తెలుగులోకి తెచ్చేటప్పుడు మూడు చోట్ల చెడుతుంది.

ఒకటి, పేరులో లింగం ఉంటే క్రియ దాన్ని బయటపెట్టేస్తుంది. "కొన్నాడు" వినగానే పేరు సగం తెలిసిపోతుంది. అందుకని అన్ని పేర్లకీ "గారు" తగిలించి క్రియలన్నీ "కొన్నారు", "తెచ్చారు", "దాచారు", "పంపారు" అని పెట్టండి. రెండు, మనుషుల్ని లెక్కపెట్టే మాటలు వేరు, "ముగ్గురు", "నలుగురు". నామవాచకాలన్నీ వస్తువులే ఉండాలి. మూడు, సంధి. "గారు" తర్వాత "ఆరు" వస్తే "గారారు" అవుతుంది. "కుర్చీలు అమ్మారు" అంటే "కుర్చీలమ్మారు". కాబట్టి రెండో స్థానం నుంచి మాటలన్నీ హల్లుతో మొదలవ్వాలి: రెండు, మూడు, నాలుగు, తొమ్మిది, పది, పన్నెండు, ముప్పై, నలభై, వంద, వెయ్యి. అప్పుడు "శ్రీను గారు మూడు పాత కుర్చీలు తెచ్చారు" లాంటివి వస్తాయి.

మాట స్థాయి మార్చకుండా రొదని మార్చండి. వాక్యంలో సగం కంటే ఎక్కువ మాటలు పట్టుకుంటే రొద పెంచండి, తక్కువైతే దించండి. ముందు 4 డెసిబెల్స్ మెట్టు, దిశ మారుతున్నకొద్దీ 2, తర్వాత 1. ఒక్కొక్కరికి విడతకి 20 వాక్యాలు. మాటలు అవే తిరిగి వస్తాయి కాబట్టి మొదటి రెండు విడతల్లో అలవాటు వల్లే ఫలితం మెరుగవుతుంది, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ఇతర భాషల మ్యాట్రిక్స్ పరీక్షల్లో ఒక్క డెసిబెల్ తేడాకే ఫలితం పది శాతం, ఆ పైన కదులుతుంది. అందుకే పైన అందరూ చెప్పిన 3, 6 డెసిబెల్స్ చిన్నవి కావు.

పరీక్షకి పిలిచేవాళ్లలో ఏళ్ల తరబడి మిషన్ల దగ్గర పనిచేసినవాళ్లు తప్పక ఉండాలి. రొద వల్ల వినికిడి ముందు 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4 దగ్గర, దెబ్బతింటుంది. స, శ లాంటివి స్పష్టంగా తెలియడానికి ఆ ప్రాంతం చాలా ముఖ్యం. ఆఫీసులో కూర్చున్న కుర్రాళ్ల మీద పరీక్షించి "బాగుంది" అనుకుంటే శిక్షణ ఎవరికోసమో వాళ్లనే వదిలేసినట్టు.

కోడ్_కొలిమి

అర్థమైంది. వాళ్లకోసం క్యాప్షన్లు కూడా పెడదామనుకుంటున్నాను.

పెదవి_లెక్క

పెట్టండి. తలతోపాటు కదిలేలా కాకుండా శిక్షకుడి గడ్డం కింద, గాలిలో స్థిరంగా ఉంచండి. నోరు, అక్షరాలు ఒకే చూపులో పడతాయి.

టెక్స్ట్‌మెష్ ప్రోతో జాగ్రత్త. యూనిటీలో అక్షరాలు చూపించే ఆ సాధనం తెలుగు ఒత్తుల్ని తనంతట తాను కూర్చదు, "క్క" విడిపోయి "క్", "క"గా కనిపిస్తుంది. "నొక్కవద్దు"లో ఒత్తులు రెండున్నాయి, రెండూ చెడతాయి. హార్ఫ్‌బజ్ ఆధారంగా అక్షరాలు కూర్చే ప్లగిన్ వాడండి. లేదంటే ఆదేశాలు కొన్నే కాబట్టి బయట కూర్చి బొమ్మలుగా పెట్టేయండి. లైను తెగేచోటు కూడా చేత్తో నిర్ణయించండి: "నొక్క" పై వరుసలో, "వద్దు" కింది వరుసలో పడనివ్వకండి.